హెచ్-ఇండెక్స్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే ఏది రాయాలి?

మీరు అడిగింది ఇదీ: ఒక బయోమెడికల్ శాస్త్రవేత్త పదోన్నతి ఫైలు తయారవుతోంది. ఆవిడ హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే అంకె; సైటేషన్ అంటే ఒక పేపరును ఇంకో పేపరు ఉదహరించడం) గూగుల్ స్కాలర్‌లో 34, స్కోపస్‌లో 25, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 22. వీటిలో ఏది సరైనది, ఫైల్లో ఏది రాయాలి, ఆవిడ పరిశోధనకు వచ్చిన సైటేషన్లను కమిటీ ముందు ఎలా పెట్టాలి?

మూడూ సరైనవే. ఇవి పేపర్లను, వాటి సైటేషన్లను నమోదు చేసే మూడు వేర్వేరు డేటాబేసులు; ఎవరి దగ్గరున్న పేపర్లు, ఎవరి దగ్గరున్న సైటేషన్లు తీసుకుని వాళ్లు లెక్కగట్టారు, అంతే. తేడా అంతా అంకె వెనకున్న జాబితాలో ఉంది. ఆ జాబితా సరిచేయకుండా ఏ అంకె రాసినా, కమిటీలో ఒక్కరు ల్యాప్‌టాప్ తెరిచి వెతికితే చాలు, జవాబు చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది. కాబట్టి ముందు జాబితా, ఆ తర్వాతే లెక్క.

గూగుల్ స్కాలర్ వెబ్‌లో దొరికిందల్లా ఏరుకుంటుంది. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన ప్రతులు), సదస్సుల అబ్‌స్ట్రాక్టులు, పుస్తకాలు, ఏ జర్నల్లో వచ్చిందో తెలియని పీడీఎఫ్‌లు, అన్నీ అందులోకి వస్తాయి. పేపర్లను, జర్నళ్లను వడకట్టే సంపాదకులు ఎవరూ ఉండరు. ఎల్సెవియర్ వారి స్కోపస్, క్లారివేట్ వారి వెబ్ ఆఫ్ సైన్స్ జర్నళ్లను ఎంచి చేర్చుకుంటాయి. అందుకే బయోమెడికల్ రంగంలో సాధారణంగా స్కాలర్ అంకె అన్నిటికంటే పెద్దదిగా, వెబ్ ఆఫ్ సైన్స్ అంకె చిన్నదిగా ఉంటుంది. మీ మూడు అంకెలూ ఆ వరుసలోనే ఉన్నాయి, కంగారు పడేంత తేడా లేదు.

సీనియర్ శాస్త్రవేత్తల విషయంలో ఇంకో రెండు చిక్కులున్నాయి. స్కోపస్‌లో సైటేషన్ లెక్క మొదట 1996 నుంచే ఉండేది, తర్వాత 1970 దాకా వెనక్కి పొడిగించారు. వెబ్ ఆఫ్ సైన్స్‌లో మీ సంస్థ కట్టిన చందా ఏ సంవత్సరం నుంచి ఉందో దాన్ని బట్టి పాత పేపర్లు అసలు కనిపించకపోవచ్చు. ఒకే మనిషికి రెండు సంస్థల లాగిన్‌లతో చూస్తే రెండు హెచ్-ఇండెక్స్‌లు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. ఎవరో తప్పు చేశారని అనుమానించే ముందు చందా సంగతి లైబ్రరీలో కనుక్కోండి.

బయోమెడికల్ పేపర్లు వెతికే ఉచిత డేటాబేసు పబ్‌మెడ్ హెచ్-ఇండెక్స్ ఇవ్వదు. ఆవిడ పేపర్లు ఏవేవో తేల్చుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. "పబ్‌మెడ్ ఇండెక్స్‌డ్" అని ఫైల్లో గొప్పగా రాసేవాళ్లు ఒకటి గమనించాలి. పబ్‌మెడ్‌లో కనిపించడం వేరు, జర్నళ్లను ఎంచి చేర్చుకునే మెడ్‌లైన్‌కు ఎంపిక కావడం వేరు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పాఠం పెట్టిన పేపర్లు, నిధులిచ్చిన సంస్థ నిబంధన ప్రకారం రచయితలే జమ చేసిన ప్రతులు కూడా పబ్‌మెడ్‌లో కనిపిస్తాయి. జర్నల్ నాణ్యతకు దాన్నొక ముద్రగా చూపించకండి.

ఇక జాబితా. ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో పేపరుకు ఒక్కో వరుస. నిలువు గడుల్లో ఇవి ఉండాలి: డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు), పీఎంఐడీ (పబ్‌మెడ్‌లో దాని సంఖ్య), ప్రచురణ సంవత్సరం, రకం (ఒరిజినల్ పరిశోధన, రివ్యూ, కేసు రిపోర్టు, లేఖ, అబ్‌స్ట్రాక్టు), మొత్తం రచయితలు ఎందరు, ఆవిడ స్థానం ఎన్నోది, కరెస్పాండింగ్ రచయితా (పేపరు తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవారు) కాదా, స్కోపస్ సైటేషన్లు, స్కాలర్ సైటేషన్లు, చూసిన తేదీ, ఉపసంహరణ లేదా దిద్దుబాటు ఉందా. డీఓఐ గడి తప్పనిసరి. పేరు, శీర్షిక పట్టుకుని పోల్చితే ఒకే పేపరు రెండుసార్లు పడుతుంది. డీఓఐతో పోల్చితే ఆ బాధ ఉండదు.

పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో ఏయూ ట్యాగు పెట్టి ఒకసారి, ఆర్కిడ్ నంబరుకు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు) ఏయూఐడీ ట్యాగు పెట్టి ఇంకోసారి వెతకండి. 2002కు ముందు పేపర్లకు పబ్‌మెడ్‌లో ఇంటిపేరు, పొడి అక్షరాలే ఉంటాయి. పూర్తి పేరుతో వెతికితే అవి దొరకవు. పేరు మారినవాళ్లు, ఒకచోట ఒక ఇనీషియల్ మరోచోట రెండు ఇనీషియల్స్ వాడినవాళ్లు ఉంటే ఒక్కో రూపంతో విడిగా వెతకాలి. దొరికినవాటిని ఆవిడ సొంత సీవీతో పక్కపక్కన పెట్టి చూడండి. సీవీలో ఉండి డేటాబేసులో లేనివి, డేటాబేసులో ఉండి సీవీలో లేనివి రెండూ తేలతాయి. రెండో రకంలో ఎక్కువగా అదే పేరున్న వేరే మనిషి పేపర్లే ఉంటాయి. అప్పుడప్పుడు ఆవిడే మరిచిపోయిన పాత పేపరు కూడా బయటపడుతుంది.

స్కోపస్ రచయిత గుర్తింపును తనే ఆటోమేటిగ్గా కడుతుంది. సంస్థ మారితే, పేరు స్పెల్లింగ్ మారితే ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్లు పుడతాయి. అన్నింటికంటే పెద్ద ప్రొఫైలు మాత్రమే చూసి అంకె రాసేస్తే హెచ్-ఇండెక్స్ తగ్గిపోతుంది. ప్రొఫైళ్లు కలపమని స్కోపస్‌లోనే ఉన్న ఆథర్ ఫీడ్‌బ్యాక్ ఫారం ద్వారా కోరవచ్చు. కలపడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఫైలు గడువు దగ్గరపడే దాకా ఆగకండి. 2012 అక్టోబరులో మొదలైన ఆర్కిడ్ నంబరు ఇక్కడ చాలా పని తగ్గిస్తుంది. పదహారు అక్షరాల ఈ గుర్తింపు (చివరిది ఎక్స్ కూడా కావచ్చు) పేపరు పంపేటప్పుడే ఇస్తే, డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కు ఒకసారి అనుమతి ఇచ్చాక అచ్చయిన పేపరు దానంతటదే ఆర్కిడ్ ఖాతాలోకి చేరుతుంది.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో మొదట చేయాల్సింది ఆటోమేటిక్ చేర్పు ఆపడం. సెట్టింగుల్లో "నాకు ఈమెయిల్ పంపి అడుగు" అన్న ఎంపిక ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే అదే పేరున్న ఇంకెవరిదో పేపరు రాత్రికి రాత్రి వచ్చి చేరుతుంది. వెయ్యి సైటేషన్లున్న పేపరు అలా చేరిందంటే కమిటీలో అది ముందే కంటపడుతుంది. సైటేషన్ అంకె పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ ఎంట్రీ మీద నొక్కి చూడండి. విడివిడి రికార్డులను ఒకటిగా కలిపారని, వాటిలో కొన్ని ఈ పేపరువి కాకపోవచ్చని దాని అర్థం.

ప్రీప్రింటు, జర్నల్ ప్రతి రెండూ విడిగా ఉంటే కలపాలి. కలిపితే అంకె ఎప్పుడూ పెరుగుతుందనుకోవద్దు. ప్రీప్రింటుకు 12, జర్నల్ ప్రతికి 9 ఉంటే కలిపాక 21 అవుతుంది, మంచిదే. అదే హెచ్-ఇండెక్స్ 25 ఉన్న మనిషికి ప్రీప్రింటు 30, జర్నల్ ప్రతి 28 అని విడివిడిగా ఉంటే, ఒకే పని రెండు పేపర్లుగా లెక్కలోకి వచ్చింది. కలిపాక ఒక పేపరు తగ్గి హెచ్-ఇండెక్స్ పడిపోవచ్చు. అయినా కలపాల్సిందే.

ఇప్పుడు హెచ్-ఇండెక్స్ దగ్గరికొద్దాం. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన కొలత ఇది. కనీసం హెచ్ సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు హెచ్ ఉంటే, అదే ఆ మనిషి ఇండెక్స్. చేత్తో ఒకసారి వేసి చూస్తే దీని బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. ఊహకు పది పేపర్లు తీసుకుందాం, సైటేషన్లు పెద్ద నుంచి చిన్నకు: 120, 64, 40, 22, 15, 9, 7, 7, 4, 2. ఏడో పేపరుకు 7 ఉన్నాయి, సరిపోయింది. ఎనిమిదో పేపరుకు 8 కావాలి, 7 మాత్రమే ఉన్నాయి. కాబట్టి హెచ్-ఇండెక్స్ 7. గూగుల్ స్కాలర్ చూపించే ఐ10 (పదీ అంతకుమించి సైటేషన్లున్న పేపర్లు) 5. మొత్తం సైటేషన్లు 290.

మొదటి పేపరుకు 120 బదులు 1200 వచ్చాయనుకోండి, హెచ్-ఇండెక్స్ 7 దగ్గరే ఉంటుంది. అదే ఏడో పేపరుకు ఒకటి, ఎనిమిదో పేపరుకు ఒకటి, మొత్తం రెండంటే రెండు సైటేషన్లు కలిస్తే అది 8 అవుతుంది. ఆ రెండూ ఆవిడ తర్వాతి పేపర్లో తనే ఇచ్చుకోవచ్చు. గట్టు మీదున్న పేపర్లను పట్టుకుని స్వీయ సైటేషన్లతో ఇండెక్స్ పెంచుకోవడం అంత సులువు. అందుకే స్వీయ సైటేషన్లు తీసేసిన అంకె కూడా పక్కన రాయండి. స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో రెండు ఎంపికలుంటాయి: ఈ రచయిత స్వీయ సైటేషన్లు మాత్రమే తీసేయడం, సహరచయితలందరివీ తీసేయడం. ఏది వాడారో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. స్వీయ సైటేషన్లు ఉండటమే నేరం కాదు. ఒకే ప్రొటీన్ మీద ఏళ్లతరబడి పనిచేసే ల్యాబు తన పాత పేపర్లను చూపకుండా కొత్త పేపరు రాయలేదు. తీసేసినప్పుడు 25 కాస్తా 23 అయితే ఎవరూ పట్టించుకోరు. 14కి పడితే మాత్రం అడుగుతారు.

హెచ్-ఇండెక్స్‌కు వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గడం దాదాపు లేదు. అందుకే హిర్ష్ దాన్ని మొదటి పేపరు నుంచి గడిచిన సంవత్సరాలతో భాగించి చూడమన్నారు. దీన్ని ఎం విలువ అంటారు. ప్రసవం, అనారోగ్యం వల్ల పనికి విరామం వచ్చి ఉంటే ఆ సంవత్సరాలు తీసేసి లెక్కగట్టి, తీసేసినట్టు ఒక వాక్యం రాయడం న్యాయం.

కమిటీల్లో అసలు వాదన వచ్చేది రచయిత స్థానం మీద. బయోమెడికల్ పేపర్లలో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబు నడిపించినవాళ్లది అన్నది వాడుక. మధ్య పేర్ల గురించి ఏమీ చెప్పలేం. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ వంటి పెద్ద కన్సార్టియం (అనేక సంస్థలు కలిసిన బృందం) పేపర్లలో వందల మంది రచయితలుంటారు, సైటేషన్లు వేలల్లో వస్తాయి. అలాంటివి నాలుగు ఉంటే చాలు, మొత్తం సైటేషన్లు రెట్టింపై కనిపిస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో రచయితల సంఖ్య గడి పెట్టమన్నది ఇందుకే. రచయితలు 50 మించిన పేపర్లు పక్కన పెట్టి మొత్తం సైటేషన్లు ఒకసారి, ఆవిడ మొదటి, చివరి లేదా కరెస్పాండింగ్ రచయితగా ఉన్నవాటికి మాత్రమే ఇంకోసారి కూడండి. ఈ రెండో మొత్తమే ఆవిడ సొంత ల్యాబు బలాన్ని దగ్గరగా చూపుతుంది. కొత్త పేపర్లలో క్రెడిట్ పద్ధతి కింద పద్నాలుగు రకాల పాత్రల్లో ఎవరిది ఏదో ముద్రిస్తున్నారు. ఉంటే ఆ వివరం కూడా తీసుకోండి.

"స్టాన్‌ఫర్డ్ 2 శాతం జాబితా" అని ఫైళ్లలో రాసేదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. అది విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ ఇయోనిడిస్, సహచరులు స్కోపస్ డేటా నుంచి తయారుచేసి ఎల్సెవియర్ డేటా భాండాగారంలో పెట్టే, ఎక్కువ సైటేషన్లున్న శాస్త్రవేత్తల పట్టిక. అందులో వాడే సమ్మిళిత స్కోరులో ఆరు కొలతలు కలుస్తాయి. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యకు సర్దిన హెచ్ఎం-ఇండెక్స్, ఒంటరిగా రాసినవాటి సైటేషన్లు, ఒంటరి లేదా మొదటి రచయితగా రాసినవాటివి, ఒంటరి, మొదటి లేదా చివరి రచయితగా రాసినవాటివి. అంటే స్థానానికి విలువ ఇచ్చిన లెక్క, నా ఉద్దేశంలో ఉత్త హెచ్-ఇండెక్స్ కంటే మేలు. అయితే జీవితకాల పట్టిక, ఒక్క సంవత్సరపు పట్టిక అని రెండుంటాయి. ఏ పట్టికలో, ఏ సంవత్సరపు ప్రతిలో పేరుందో రాయకుండా "2 శాతంలో ఉన్నారు" అంటే అది సగం సమాచారమే.

రంగాల మధ్య తేడా ఇంకో సంగతి. క్యాన్సర్ ఇమ్యూనాలజీ పేపరుకు ఏడాదిలో వచ్చే సైటేషన్లు, పరాన్నజీవుల వర్గీకరణ పేపరుకు పదేళ్లకైనా రావు. ఆ తేడాను సర్దే కొలతలు రెండున్నాయి. స్కోపస్ వైపు ఎఫ్‌డబ్ల్యూసీఐ. అదే సబ్జెక్టు, అదే రకం, అదే సంవత్సరపు పేపర్లకు ప్రపంచ సగటు 1 అనుకుంటే ఈ పేపరు ఎంత అన్నది చెబుతుంది. ప్రచురించిన ఏడాది, ఆ తర్వాతి మూడేళ్ల సైటేషన్లే లెక్కలోకి వస్తాయి. రెండోది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్ ఇచ్చే ఆర్‌సీఆర్. ఇది ఉచితం. పీఎంఐడీల జాబితా అతికించి నొక్కితే ఒక్కో పేపరుకు విలువ వస్తుంది. ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యగతం 1. జర్నల్ పేరును బట్టి కాకుండా, ఆ పేపరుతో కలిపి ఇతరులు ఉదహరించిన పేపర్ల గుంపును బట్టి రంగాన్ని నిర్ణయించడం దీని ప్రత్యేకత.

రెండింటికీ ఒకటే జాగ్రత్త: సగటు రాయకండి, మధ్యగతం రాయండి. ఇరవై పేపర్లలో పంతొమ్మిదింటికి 0.8 చొప్పున, ఒక్కదానికి 30 వచ్చిందనుకోండి. సగటు 2.26, మధ్యగతం 0.8. సగటు చూసినవాళ్లకు ఆవిడ ప్రతి పేపరూ ప్రపంచ సగటుకు రెండింతలన్న భ్రమ కలుగుతుంది. మరీ కొత్త పేపర్లకు ఐసైట్ ఇచ్చే విలువ తాత్కాలికమేనని గుర్తుంచుకోండి. గత రెండేళ్ల పేపర్లను విడిగా చూపి, వాటికి సైటేషన్ ఆధారంగా తీర్పు ఇవ్వలేమని రాసేయండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడి "మొత్తం ఇంపాక్ట్ 312" అని రాసే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని తీసేయండి. ఒక సంవత్సరంలో వచ్చిన సైటేషన్లలో, అంతకు ముందు రెండేళ్లలో ఆ జర్నల్ వేసినవాటికి వచ్చినవెన్నో తీసుకుని, ఆ రెండేళ్ల పరిశోధన, రివ్యూ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. సంపాదకీయాలకు, లేఖలకు వచ్చిన సైటేషన్లు లవంలో చేరతాయి, అవి మాత్రం హారంలో ఉండవు. పైగా ఒక్క పేపరు మొత్తం జర్నల్‌ను మోయగలదు. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ జర్నల్‌లో 2008లో జార్జ్ షెల్‌డ్రిక్ షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్ర మీద రాసిన ఒక్క వ్యాసంతో ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.051 నుంచి 2009లో 49.926కు లేచింది. అదే జర్నల్లో అప్పుడు వేసిన మిగతా రచయితల పని ఇరవై నాలుగు రెట్లు గొప్పదైపోలేదు కదా. మనుషులను జర్నల్ అంకెతో తూచవద్దని 2013లో వెలువడిన శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన, డోరా, చెప్పింది కూడా ఇదే. మీ సంస్థ దాని మీద సంతకం చేసి ఉంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడి ఫైల్లో ఉండటమే తప్పు.

ఉపసంహరణలు తప్పక చూడాలి. డీఓఐలన్నీ రిట్రాక్షన్ వాచ్ డేటాబేసులో సరిచూడండి. 2023లో దాన్ని క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచింది. జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లో పేపర్లు పెట్టుకుంటే ఉపసంహరించినవాటి మీద ఎర్ర హెచ్చరిక దానంతటదే వస్తుంది. పేపరు వెనక్కి తీసుకున్నా పాత సైటేషన్లు లెక్కలోంచి పోవు. అల్జీమర్స్‌లో ఒక అమిలాయిడ్ బీటా రూపం మీద 2006లో నేచర్‌లో వచ్చిన పేపరు వేల సైటేషన్లు పోగేసుకున్నాక 2024 జూన్‌లో ఉపసంహరణకు గురైంది. ఆ సైటేషన్లు ఇప్పటికీ డేటాబేసుల్లో ఉన్నాయి. ఆవిడ జాబితాలో ఉపసంహరణ ఉంటే దాచకుండా కారణంతో సహా రాయండి, ఆ సైటేషన్లు తీసేసిన మొత్తం చూపండి. నిజాయితీగా తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకున్న పేపరు వల్ల పరువు పోదు. దాచింది బయటపడితే పోతుంది. ఉదహరించినవాళ్ల వైపు కూడా కన్నేయండి. హిందావి జర్నళ్లలో ఒక్క 2023లోనే 8000కు పైగా పేపర్లు ఉపసంహరించారు. అలాంటి చోట్ల నుంచి ఒక పేపరుకు గుంపుగా సైటేషన్లు వచ్చిపడి, సబ్జెక్టుకూ దానికీ సంబంధం లేకపోతే, ఆ పేపరును మీ ప్రధాన ఉదాహరణగా పెట్టకండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన పని. ఆవిడ మొదటి లేదా చివరి రచయితగా ఉన్న ఐదు పేపర్లు ఎంచుకోండి. ఒక్కోదాన్ని ఉదహరించిన పేపర్లలో ఇరవై తెరిచి, ఏ పేరాలో, ఎందుకు ఉదహరించారో చదవండి. పరిచయంలో ఒక గుత్తిలో ఐదో సంఖ్యగా పడిందా, పద్ధతుల విభాగంలో "ఈ విధంగా చేశాం" అని వచ్చిందా, ఫలితాల్లో పోల్చి చూశారా, చర్చలో కాదన్నారా అని నాలుగు గుర్తులు పెట్టుకోండి. ఇరవైలో పన్నెండు పద్ధతుల విభాగంలో ఉంటే ఆవిడ ఇచ్చింది ఇతరులు వాడుకునే ఒక పద్ధతి. అది గట్టి మాట. పరిచయంలోని గుత్తుల్లోనే అన్నీ ఉంటే ఎన్ని వందలున్నా అది పలుచని ప్రభావమే.

పద్ధతి పేపర్ల సంగతి వేరు. ప్రొటీన్ కొలిచే విధానం మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపరుకు మూడు లక్షలకు పైగా సైటేషన్లు. జీవశాస్త్రంలో అది అతి గొప్ప ఆవిష్కరణ అని ఎవరూ అనరు. ప్రతి ల్యాబూ దాన్ని వాడింది, అంతే. ఇంకో వైపు, ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద 1925లో ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు రాసిన పేపరును చూడండి. దశాబ్దాల తరబడి ఉదహరించారు. తర్వాత ఆ పద్ధతి కిట్లలోకి, పాఠ్యపుస్తకాల్లోకి ఇంకిపోయాక, వాడినవాళ్లందరూ అసలు పేపరును చూపడం మానేశారు. ఎంత మామూలైపోతే అంత తక్కువ ఉదహరిస్తారు. ఆవిడ పనిలో అలాంటిది ఏదైనా ఉంటే, అది చేరిన కిట్టు, ప్రోటోకాల్, చికిత్స మార్గదర్శకం పేరు పెట్టి రాయాలి. సైటేషన్ అంకెలో అది కనిపించదు. క్లినికల్ పేపర్లు ఉదహరించిన సంఖ్యను ఐసైట్ విడిగా చూపుతుంది. మౌలిక పరిశోధన రోగి దాకా వెళ్లిందా అన్నదానికి అది మంచి సూచన. పేటెంట్లు ఉదహరించాయేమో లెన్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు.

ఫైల్లో చివరికి రాయాల్సింది ఇంతే, అంకెలు మీవి పెట్టుకోండి: "స్కోపస్ ప్రకారం, ఫలానా తేదీన: 88 పేపర్లు, వాటిలో ఒరిజినల్ పరిశోధన 71. హెచ్-ఇండెక్స్ 25, సహరచయితలందరి స్వీయ సైటేషన్లు తీసేస్తే 23. మొదటి, చివరి లేదా కరెస్పాండింగ్ రచయితగా 41. ఐసైట్ ఆర్‌సీఆర్ మధ్యగతం 1.4, గత రెండేళ్ల పేపర్లు మినహా. ఉపసంహరణలు లేవు." దాని కింద ఐదు పేపర్లు, ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాలు: ఏం కనుక్కున్నారు, ఆవిడ పాత్ర ఏమిటి, ఎవరు ఎలా వాడుకున్నారు. స్కాలర్ 34 కూడా రాయాలనిపిస్తే మూలం, తేదీతో పక్కన రాయండి, తప్పేం లేదు. ఒక అంకె స్కాలర్ నుంచి, ఇంకో అంకె స్కోపస్ నుంచి తీసి ఒకే వాక్యంలో కలపడం మాత్రం వద్దు.

స్ప్రెడ్‌షీట్‌ను తేదీతో పీడీఎఫ్‌గా భద్రపరచండి. డేటాబేసుల అంకెలు వారం వారం మారతాయి, కమిటీ కూర్చునే రోజుకు 25 కాస్తా 26 కావచ్చు. పరిశోధకుల సోషల్ నెట్‌వర్క్ రీసెర్చ్‌గేట్ ఇచ్చిన స్కోరు పాత సీవీలో ఉంటే తీసేయండి, 2022లో ఆ సంస్థే దాన్ని ఎత్తేసింది.